మనింట్లో వద్దన్నది

ఒక వస్తువు మన గడప దాటి లోపలికి రాకూడదని ఒట్టు పెట్టుకున్నామనుకోండి. అదే వస్తువును మన చేలో పండించి, మూటలు కట్టి, ముక్కూ మొహం తెలియని వాళ్ళకి అమ్మి, ఆ డబ్బుతో మన పిల్లలకి కాలేజీ ఫీజులు కట్టవచ్చా?

ఇదేదో పురాణ కాలక్షేపంలో అడిగే ధర్మసందేహంలా ఉంది గాని, మా కనిగిరి వైపు ఇది ఏటేటా వచ్చే సంగతి. శివరాత్రి చలి పోయి ఎండ ముదురుతుండగా పొగాకు వేలం కేంద్రం ముందు బేళ్ళు వేసుకున్న ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ ఏడు ఎవరింట్లో పెళ్ళి జరుగుతుందో, ఎవరి బాకీ తీరుతుందో, ఎవరి పిల్లవాడు ఇంజనీరింగులో చేరతాడో అక్కడే తేలిపోతుంది.

మా పిన్ని ఒకావిడ ఉంది. కనిగిరికి దగ్గర పల్లె. నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, ఒక బ్యారన్. రెండేళ్ళ క్రితం కూతురికి సంబంధం వచ్చింది. కుర్రాడికి బెంగుళూరులో ఉద్యోగం, చూడముచ్చటగా ఉన్నాడు, కట్నం మాట కూడా ఎత్తలేదు. అంతా కుదిరిందనుకుంటుండగా అబ్బాయి సిగరెట్లు కాలుస్తాడని తెలిసింది. అంతే, పిన్ని అడ్డం తిరిగింది. మధ్యవర్తి పెద్దమనిషి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది! ఇంటి ముందర బ్యారన్ పెట్టుకోని సిగరెట్టు తాగేవాడు వద్దంటావా? వాళ్ళు తాగబట్టే గదా నువ్వీ పెళ్ళి చేస్తండేది!"

పిన్ని తడుముకోలేదు. "మిరపకాయలు గూడా అమ్ముతాం అన్నా. అట్టని అల్లుడి కంట్లో కారం కొడతామా?"

ఆ మాటకి అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే మాత్రం ఆ పోలికలోనే చిక్కుందనిపించింది. కంట్లో పడటం కారం పని కాదు, కూరలో పడటం దాని పని. తప్పుగా వాడితేనే మండుతుంది. పొగాకు అలా కాదు. అమ్మినవాడు ఎలా వాడమన్నాడో అచ్చం అలాగే వాడినా మనిషిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. పొగాకు వల్ల ఏటా 70 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన రాష్ట్రంలో మూడు నాలుగు జిల్లాల జనాభా అంత.

అలాగని పట్నంలో ఫ్యాను కింద కూర్చుని "ఛీ, మీరు విషం పండిస్తున్నారు" అనడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ నేల నాకు తెలుసు. మా అమ్మమ్మ పెళ్ళి నాటికి కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గాని వాన మారలేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు. ఊళ్ళో నడివయసు వాళ్ళకే మోకాళ్ళు వంగవు, పిల్లల పళ్ళ మీద పసుపు చారలు. వెలిగొండ నీళ్ళు వస్తాయని దశాబ్దాలుగా ఎదురుచూపు. ఆ తేలిక నేలల్లో, ఆ కాస్త తేమతో నిలబడి, నాలుగు డబ్బులు చూపించే పైరు పొగాకే అయింది.

ఆ డబ్బు ఊరికే వచ్చేదీ కాదు. రెలిచిన ఆకు కర్రలకి కట్టడం, కాలిన ఆకును రంగు చూసి గ్రేడు చెయ్యడం, ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తాయి. పచ్చాకు జిగురు చేతులకి పట్టి నల్లగా గట్టిపడుతుంది. సబ్బుకి పోదు. ఆ చేత్తో కలిపిన అన్నం ముద్ద చేదుగా ఉంటుంది. మంచు తడి మీద ఆకు ముట్టుకుంటే అందులోని నికొటిన్ చర్మంలోంచే ఒంట్లోకి దిగి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. జీవితంలో ఒక్క చుట్ట ముట్టని మనిషికి! బ్యారన్ మండుతున్నన్ని రోజులూ రాత్రింబగళ్ళు ఎవరో ఒకరు మంట కనిపెట్టుకుని ఉండాలి. సెగ ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే పచ్చి పోదు. పురిటి గదిలో బాలింతను చూసుకున్నట్టు చూసుకుంటారు.

ఇంత చేసి ఆకు ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం ఓడ ఎక్కుతుంది. బెల్జియం, ఈజిప్టు, ఇండోనేషియా, రష్యా... మా పిన్ని ఆకు ఏ దేశంలో ఎవరి వేళ్ళ మధ్య కాలుతుందో ఆవిడకి తెలియదు. 2023-24లో మన దేశం నుంచి వెళ్ళిన పొగాకు, పొగాకు సరుకుల విలువ సుమారు 12,000 కోట్ల రూపాయలు. ఆ సీజనులో మన రాష్ట్రంలో కిలో సగటు ధర 280 రూపాయలు దాటింది. మధ్యవర్తి ఎత్తిచూపిన పెళ్ళి ఖర్చు ఆ ఏటిదే.

పాతకాలంలో అయితే కొనుగోలుదారు గుమాస్తా వచ్చి ఆకు నలిపి చూసి చెప్పిందే ధర. డబ్బు ఎప్పుడిస్తే అప్పుడే. 1975లో చట్టం చేసి, 1976 జనవరిలో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు పెట్టారు. 1985 నుంచి ఆంధ్రలో వేలంపాటలు మొదలయ్యాయి. ఏ బ్యారన్‌కి ఎంత పండించాలో బోర్డు చెబుతుంది, బ్యాంకు అప్పిస్తుంది, వేలంలో వచ్చిన డబ్బులోంచి ఆ అప్పు మినహాయించుకుంటుంది. బ్యాంకుకి భయం లేదు కాబట్టి రైతుకి అప్పు పుడుతుంది. కంది పైరుకి ఇంత చక్కని ఏర్పాటు ఎవరైనా చేశారా అని అడగాలనిపిస్తుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

పెద్ద కొనుగోలుదారు ఒకప్పుడు సోవియట్ రష్యా. డాలర్ల గొడవ లేకుండా రూపాయల్లోనే లెక్కలు చూసుకునేవారు. 1991లో ఆ దేశమే విడిపోయింది. ఎక్కడో మాస్కోలో జెండా దించితే మా వైపు ఆకు అడిగే నాథుడు కరువయ్యాడు. 2000-01లో నిల్వలు పేరుకుపోయి మన రాష్ట్రంలో ఆ ఏడాదికి పొగాకు వెయ్యవద్దని పంట సెలవు ప్రకటించారు. బడికి సెలవిస్తే పిల్లలు గంతులేస్తారు. పంటకి సెలవిస్తే పొయ్యికి కూడా సెలవే.

ఇంతలో అదే ప్రభుత్వం రెండో చేత్తో ఇంకో పని మొదలుపెట్టింది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం తెచ్చింది. 2004లో అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ఆమోదించింది. 2016 నుంచి సిగరెట్టు పెట్టె మీద 85 శాతం చోటు పుండు పడిన గొంతు బొమ్మలకే. వాణిజ్య శాఖ చేతికింద ఉన్న బోర్డు ఎగుమతి పెరిగిందని సంతోషిస్తుంది, ఆరోగ్య శాఖ బొమ్మ ఇంకా పెద్దది చెయ్యమంటుంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు! ఒక కోడలు వండుతుంది, ఇంకో కోడలు తినవద్దంటుంది. అత్తగారు మాత్రం ఇద్దరి దగ్గరా పన్ను వసూలు చేసుకుంటుంది.

కొనుగోలుదారులూ తక్కువ తినలేదు. ఆకు మీద ఫలానా పురుగుమందు కొట్టవద్దు, దాని అవశేషం ఇంతకు మించితే కొనం అంటారు. ఎందుకండీ అంటే తాగేవాడి ఆరోగ్యం కోసమట! నేనిది మొదటిసారి విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇది మా కనిగిరి ఒక్కదాని బాగోతమూ కాదు. నేను చదివింది బి.ఏ. అర్థశాస్త్రం నా తలకెక్కలేదు గాని చరిత్ర మాత్రం ఇష్టంగా చదివాను. అందులో నల్లమందు కథ ఉంది. మన బెంగాల్, బీహారు వైపు నల్లమందు పండించి, ఈస్టిండియా కంపెనీ వేలం వేస్తే, వర్తకులు దాన్ని చైనాలోకి దొంగతనంగా చేరవేసేవారు. 1839లో లిన్ జెషు అనే చైనా అధికారి ఇరవై వేల పైచిలుకు పెట్టెల నల్లమందు పట్టుకుని నాశనం చేయించాడు. విక్టోరియా రాణికి ఒక ఉత్తరం కూడా రాశాడు. మీ దేశంలో దీని కీడు మీకు తెలిసే ఉంటుంది, అలాంటిది పక్కవాళ్ళ మీదికి ఎలా పంపుతున్నారు అన్నది దాని సారాంశం. నిజానికి అప్పుడు ఇంగ్లండులో నల్లమందు మందుల కొట్లలో బహిరంగంగానే దొరికేది. పాపం, ఆ సంగతి ఆయనకి తెలియదు. అయినా ఆయన అడిగిన ప్రశ్న మాత్రం తప్పు కాదు. దానికి జవాబుగా యుద్ధ నౌకలు వచ్చాయి.

మరీ అంత వెనక్కి ఎందుకు, మన ఇళ్ళ మీది సిమెంటు రేకులనే చూడండి. వాటిలో కలిపే రాతినార ఊపిరితిత్తులకి ప్రాణాంతకమని కెనడా వాళ్ళకి ఎప్పుడో తెలుసు. తమ పార్లమెంటు భవనాల్లోంచి దాన్ని జాగ్రత్తగా తీయించుకుంటూనే, క్యుబెక్ గనుల్లోంచి తవ్వి మనలాంటి దేశాలకి 2011 దాకా ఎగుమతి చేశారు. 2018లో పూర్తిగా నిషేధించారు. ఆ గని ఉన్న ఊరి పేరే అస్బెస్టాస్. 2020లో ఆ పేరు కూడా మార్చుకున్నారు. ఆ ఊళ్ళోనూ మా పిన్ని లాంటి వాళ్ళు ఉండే ఉంటారు. "గని మూస్తే మా పిల్లలేం తినాలి?" అని వాళ్ళూ అడిగే ఉంటారు. ఆ రేకుల కింద కూర్చుని మా పిన్ని ఆకు గ్రేడు చేస్తుంది. ఎవరిది వాళ్ళు ఎదుటివాళ్ళకి అమ్మేసుకున్నారన్నమాట.

అమ్మేవాళ్ళని వదిలేసి, "మాకొద్దు" అనే దేశం కథ చూద్దాం. థాయిలాండ్ తమ దేశంలోకి విదేశీ సిగరెట్లు రానివ్వనంది. అమెరికా ఫిర్యాదు చేసింది. 1990లో గాట్ పంచాయితీ తీర్పు చెప్పింది: మీ సొంత సిగరెట్లు అమ్ముకుంటూ పరాయి సిగరెట్లు వద్దనడం కుదరదు, కావాలంటే అందరికీ సమానంగా పన్నులు వెయ్యండి, ప్రకటనలు ఆపండి. ఆస్ట్రేలియా ఈ ఇంగితాన్ని పట్టుకుంది. 2012 డిసెంబరు నుంచి అన్ని పెట్టెలకీ ఒకే మురికి రంగు, కంపెనీ ముద్రలు లేవు. కొన్ని దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకి ఎక్కాయి. 2018లో, మళ్ళీ అప్పీలు మీద 2020లో, ఆస్ట్రేలియాదే పైచేయి అయింది. నాకు ఇందులో నచ్చిన మాట ఒకటుంది: నీ ఇంట్లో ఏది పాటిస్తావో అదే పక్కింటికీ పాటించు. మన అమ్మమ్మలు చెప్పిందీ ఇదే కదూ! కాకపోతే ఆ పంచాయితీ కొనేవాళ్ళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అమ్మేవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు.

మా వీధి చివర కిళ్ళీకొట్టు ఉంది. మా బాబాయికి గుండె ఆపరేషను అయ్యాక ఒకనాడు మెల్లగా అక్కడికి వెళ్ళి చెయ్యి చాచాడు. కొట్టతను, "డాక్టరు వద్దన్నాడంట గదా బాబాయ్, నేనివ్వను. కావాలంటే సోంపు తీసుకో" అన్నాడు. బాబాయి తిట్టాడు, అతను నవ్వాడు, సిగరెట్టు మాత్రం ఇవ్వలేదు. అతనికి ఒక బేరం పోయింది. అతనేమీ మహాత్ముడు కాదు, పక్కవీధి వాళ్ళకి పెట్టెలకు పెట్టెలు అమ్ముతాడు. కానీ బాబాయి మొహం తెలుసు, పిన్నమ్మ ఏడ్చిన ఏడుపు తెలుసు. అందుకని చెయ్యి రాలేదు.

ఓడలో పోయే సరుకుకి ఈ సౌకర్యం లేదు. చేనుకీ వేళ్ళకీ మధ్య వేలం, ఫ్యాక్టరీ, రేవు, ఇంకో రేవు, ఇంకో ఫ్యాక్టరీ. ఎవరికీ ఎవరి మొహమూ కనిపించదు. "నేనివ్వను" అనే అవకాశం ఏ మెట్టు మీదా ఎవరికీ రాదు. దూరపు వ్యాపారం సరుకుని ఎంత సులువుగా మోసుకుపోతుందో, అంత సులువుగా మన మొహమాటాన్నీ మోసుకుపోతుంది.

"మేం మానేస్తే ఇంకొకడు పండిస్తాడు" అంటారు. అది నిజమే. జింబాబ్వేలో 2000 తర్వాత భూముల గొడవలతో 23 కోట్ల కిలోలకు పైగా ఉన్న పంట 2008కి 5 కోట్ల లోపుకి పడిపోయింది. ఆ రోజుల్లో మన ఆకుకి గిరాకీ పెరిగింది. వాళ్ళ కష్టం మనకి కలిసొచ్చింది. ప్రపంచంలో కాలిన సిగరెట్లు ఏమీ తగ్గలేదు. కానీ "ఇంకొకడు చేస్తాడు" అన్నది ధర లెక్కకి పనికొచ్చే మాటే గాని ధర్మానికి పనికొచ్చే మాట కాదని నా అభిప్రాయం. లంచం తీసుకునే ఉద్యోగి కూడా సరిగ్గా ఇదే అంటాడు.

మరి మానేసి ఏం వెయ్యాలి? ఆ అంతర్జాతీయ ఒప్పందంలోనే 17వ అధికరణం ఉంది. పొగాకు మీద బతికేవాళ్ళకి వేరే దారి చూపించాలని రాసుకున్నారు. ఆ ఒప్పందం మీద 2016 నవంబరులో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో దేశాలన్నీ సమావేశమైతే, మా గోడూ వినండని పొగాకు రైతులు బయట ఆందోళన చేశారు. ఆ పదిహేడో మాట మా పల్లెలో ఎవరికీ తెలియదు. గొంతు పుండు బొమ్మ మాత్రం అందరికీ తెలుసు.

మా నేలకి దారి లేకపోలేదు. కంది చక్కగా వస్తుంది. పశ్చిమ ప్రకాశం కంది అంటే పేరే. ఇప్పుడు కాస్త మన వంటింట్లోకి రండి.

2024 వేసవిలో కందిపప్పు కిలో 150 దాటింది. మనమందరం గోల పెట్టాం. పెట్టమా మరి, పప్పు లేని భోజనం భోజనమా! ప్రభుత్వాలకి ఆడవాళ్ళ గోలంటే, అందులోనూ ఎన్నికల ఏట, భయమే. అప్పటికే కంది దిగుమతి మీద 2021లో పరిమితులు ఎత్తేశారు, 2023లో సుంకమూ తీసేశారు. మొజాంబిక్ నుంచి, మయన్మార్ నుంచి ఓడలు వచ్చాయి. పచ్చ బఠాణీకి, శనగకి కూడా తలుపులు బార్లా తెరిచారు. 2025 మొదట్లో కంది కోతకొచ్చేసరికి ధర దిగింది. క్వింటాలుకి 7,550 అని ప్రభుత్వమే ప్రకటించిన మద్దతు ధర చాలా మార్కెట్లలో దక్కలేదు. మనకి పప్పు చవకైంది. హాయిగా కొనుక్కున్నాం. ఆ ఏడు కంది వేసిన రైతు మొహం మనకి కనిపించలేదు.

అలాంటి రైతు మళ్ళీ ఏం వేస్తాడు? బ్యాంకు దేనికి అప్పిస్తే అది. బోర్డు దేనికి వేలం పెడితే అది. బోర్డు కాపు లేని నల్ల బర్లీ వేసినవాళ్ళ గతి 2025లో చూశాం. కంపెనీలు మొహం చాటేస్తే చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించవలసి వచ్చింది. పొగాకు కొనడానికి ఖజానా తెరుచుకోగలిగినప్పుడు, కంది కొనడానికి ఇంకొంచెం వెడల్పుగా ఎందుకు తెరుచుకోదు?

నన్నడిగితే, మా పిన్ని తప్పు చేస్తోందా అంటే, అవును, ఎంతో కొంత చేస్తోందనే అంటాను. మిరపకాయల జవాబు నా మనసుకి ఎక్కలేదు. ఆవిడకీ పూర్తిగా ఎక్కి ఉండదు, ఎక్కితే ఆ సంబంధం వదులుకునేది కాదు. కానీ ఆ తప్పులో ఆవిడ వాటా ఎంత, చవక పప్పు కోసం ఓడలు పిలిపించిన మన వాటా ఎంత అని పంచితే ఆవిడకి దక్కేది పెద్ద ముక్క కాదు. కోతల వేళ సుంకం ఎత్తకుండా నిలబెట్టి, మద్దతు ధరకి నిజంగా కొని, పొగాకుకి చేసినట్టే కందికీ అప్పూ వేలమూ కుదిర్చి, బ్యారన్లు ఏడాదికి కొన్ని చొప్పున మూయించవచ్చు. దానికి మన పప్పు డబ్బాలో కిలోకి పదిహేనో ఇరవయ్యో ఎక్కువ పడుతుంది. నేను ఇవ్వడానికి సిద్ధమే.

ఈ మాటే మా పక్కింటి వదినగారితో అన్నాను. ఆవిడ గుమ్మంలో చింతపండు ఈనెలు తీస్తూ విని, "నువ్విస్తావులే వదినా, మీ ఇంట్లో ఇద్దరికి జీతాలు. మన రెండిళ్ళలో అంట్లు తోమే పిల్ల సంగతేమిటి? దాని ఇంట్లో అయిదుగురు" అంది. చౌకధరల దుకాణంలో పప్పు ఇవ్వచ్చు కదా అన్నాను. "ఏ నెల ఇచ్చారు, ఏ నెల ఇవ్వలేదు, దాన్నే అడుగు" అంది.

అడిగాను. ఈ నెల ఇవ్వలేదట.